చెవితో నేర్చిన ఇంగ్లీషు: కాలువగట్టు నుండి సైకిలు పందెము వరకు



పరభాషాపదములు మనకు పుస్తకము వలన అబ్బునా, చెవి వలన అబ్బునా? ఈ ప్రశ్నకు మా గోదావరి మండల చరిత్రలోనే సమాధానమున్నదని నిరూపించుట నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము. కాలువలు త్రవ్విన నాటి నుండి, నేడు తెరమీద కనబడు సైకిలు పందెముల వ్యాఖ్యానము వరకు, ఇంగ్లీషు మాటలు మావారి నోటికెక్కిన త్రోవను కొంత పరికింతము. సైకిలు పందెమునకును ఇంగ్లీషు చదువునకును ఏమి సంబంధమని కొందఱు నవ్వవచ్చును. నవ్వినను, కడవరకు విందురుగాక.

నేను వృత్తిచేత తెలుగు పండితుడను. ఇంగ్లీషు నా బోధనవిషయము కాదు. అయినను మాటకు అర్థమెట్లు తగులుకొనునను విచారము ఏ యొక్క భాషకో చెందినది కాదు గదా. పదమునకును అర్థమునకును గల సంబంధమును గ్రహించుటకు శక్తిగ్రహమని మన శాస్త్రములు పేరిడినవి. దానికి ఎనిమిది సాధనములను పెద్దలు లెక్కించిరి. వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, తెలిసిన పదముల సాన్నిధ్యము అనునవి అవి. వీనిలో వ్యవహారమునకే పెద్దపీట వేసిరి.

దానికి వారు చెప్పు ఉదాహరణము మిక్కిలి సులభము. ఇంటి పెద్ద ఒకనితో “ఆవును తెమ్ము” అనును. అతడు పోయి ఆవును తెచ్చును. ప్రక్కనున్న పసివాడు మాటను విని, పనిని చూచును. మఱికొంత సేపటికి “ఆవును కట్టుము” అని వినబడును. పిదప “గుఱ్ఱమును తెమ్ము” అని వినబడును. ఒక మాట తీసి మఱొక మాట పెట్టుచుండగా, ఏ మాట వస్తువునకు పేరో, ఏ మాట పనికి పేరో పసివాడు తనంతట విడదీసికొనును. మాటను చేర్చుట ఆవాపము, తీయుట ఉద్వాపము. మనమందఱము తల్లిభాషను ఇట్లే నేర్చితిమి. నిఘంటువు చూచి “అమ్మా” అని పిలిచిన శిశువు లేడు.

ఇక చరిత్రకు వత్తము. ధవళేశ్వరమున ఆనకట్ట పని కాటను దొర ఆధ్వర్యవమున 1847లో మొదలై 1852లో ముగిసినది. ఆ పనిలో వేలకొలది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు, రాతిపనివారు పాల్గొనిరి. వారిలో అక్షరము తెలిసినవారే అరుదు. ఇంగ్లీషు బడికి పోయినవారి మాట చెప్పనక్కఱలేదు. అయినను లాకు, గేటు, స్లూయిసు, స్టీమరు మొదలగు మాటలు డెల్టా భాషలో కలిసిపోయినవి. కోనసీమకు నీరు మోయు గన్నవరపు వారధిని పల్లెటూరివారు సయితము అక్విడక్టు అనియే పిలుతురు. పడవవాడు లాకు తలుపు మూయుటను చూచెను, నీరు పొంగుటను చూచెను, పడవ పైకి లేచుటను చూచెను. ఆ చూపులతో పాటు “లాకు” అను మాటను వినెను. ఇంతకంటె చక్కని పాఠమేది?

ఇచ్చిపుచ్చుకొనుట ఒక్క వైపునే జరిగినదని తలపవలదు. దక్షిణదేశపు ఆనకట్ట ఇంగ్లీషువారి నోట “అనికట్” అయినది. మన పందికొక్కు వారి నిఘంటువులలో “బాండికూట్” అయి కూర్చున్నది. ఆ మాటలను వారును బడిలో నేర్వలేదు. ఇచ్చట మన నడుమ తిరిగి, విని నేర్చిరి.

ఒకప్పుడు రాజమహేంద్రవరమున ఉద్యోగము చేసిన బ్రౌను దొర ఈ సంగతిని బాగుగా గుర్తించెను. ఆయన పెద్ద నిఘంటువులు ఆనకట్ట పూర్తియైన కాలముననే, అనగా 1852 ప్రాంతమున వెలువడినవి. అంతటితో తృప్తినొందక, తెలుగు వ్యవహారమున కలిసిన అన్యదేశ్యములకు వేఱుగా ఒక మిశ్రభాషా నిఘంటువును 1854లో ప్రకటించెను. కచేరీలోను, సంతలోను జనులు పలుకు మాటలను అపశబ్దములని త్రోసివేయక, వానికి గ్రంథమున చోటిచ్చిన మేలు ఆయనది.

బడులు వేఱుదారి పట్టినవి. మా పశ్చిమ డెల్టాలో నరసాపురమున సబుకలెక్టరుగా నుండిన టేలరు దొర 1850-60 నడుమ బడులకు పూనుకొనెను. రాజమహేంద్రవరమున 1853లో స్థాపింపబడిన బడి క్రమముగా పెద్ద కళాశాలయై, వీరేశలింగముపంతులుగారి వంటివారికి నెలవైనది. ఈ విద్యాలయములు దేశమునకు చేసిన ఉపకారమును కాదనువాడు కృతఘ్నుడు. అయినను వానితో పాటు ఒక అలవాటు కూడ వచ్చినది. పదము, దానికెదురుగా అర్థము వ్రాసికొని వల్లెవేయుట. మన వీథిబడులలో వల్లెవేత పూర్వమునుండియు కలదు. అమరకోశమును నేనును వల్లెవేసితిని, దానివలన లాభము పొందితిని. కాని అమరము శ్లోకము. దానికి లయ కలదు. తరువాత కావ్యపాఠమున ఆ మాట మఱల మఱల ఎదురగుచుండెడిది. ఇంగ్లీషు మాటల పట్టికకు లయయు లేదు, ఎదురుపడు కావ్యమును లేదు. పరీక్ష ముగిసిన మఱునాడు పట్టిక గాలికి పోవును.

ఇరువదవ శతాబ్దారంభమున ఉత్తర సర్కారులలో బడుల తనిఖీ అధికారిగా నున్న యేట్సు దొర ఈ లోపమును కనిపెట్టి, భాషను నోటితోను చెవితోను నేర్పవలెనని పట్టుపట్టెను. గురజాడ అప్పారావుగారును, గిడుగు రామమూర్తిగారును ఆయనతో ఏకీభవించిరి. రామమూర్తిగారి సవర భాషాభ్యాసము దీనికి గొప్ప నిదర్శనము. సవర భాషకు అప్పుడు పుస్తకము లేదు, వ్యాకరణము లేదు, కోశము లేదు. ఆయన సవరలతో కలిసి మాటాడి, విని, పలికి ఆ భాషను వశపఱచుకొనెను. తుదకు 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును ఆయనయే రచించెను. చెవి ముందు, కోశము తరువాత అనుటకు వేఱు సాక్ష్యమక్కఱలేదు. 1936లో పర్లాకిమిడి విడిచి ఆయన మా రాజమహేంద్రవరమునకే వచ్చి చేరెను. గ్రాంథికమున మాటాడుచు ఆయనను మెచ్చుకొనుట వింతగా తోచవచ్చును. కాని మంచిమాట ఎవరిదైనను మంచిదే.

కాలువ తరువాత ఇంగ్లీషు నేర్పిన గురువు సైకిలు. 1885లో ఇంగ్లండున స్టార్లీ నిర్మించిన రోవరు సైకిలు, 1888లో డన్లప్ కనిపెట్టిన గాలిటైరు, ఈ రెండును లోకమున రాకపోకల రూపమునే మార్చినవి. తరువాతి కాలమున రాలీ, హంబరు, హెర్క్యులిసు బండ్లు మన పట్టణములలో దిగినవి. 1949లో మద్రాసున టి. ఐ. సైకిళ్ళ కర్మాగారము, 1956లో లూధియానాలో హీరో సంస్థ ఏర్పడిన పిమ్మట సైకిలు పల్లె పల్లెకు చేరినది. మా డెల్టా సమతలభూమి. కాలువగట్టు వెంబడి ఎంతదూరమైనను త్రొక్కవచ్చును. గంటకింత అని అద్దెకిచ్చు సైకిలుకొట్టు లేని ఊరు నా బాల్యమున అరుదు.

ఆ కొట్టులో పనిచేయు కుఱ్ఱవాడు ఏ పాఠశాలలో చదివెను? పెడలు, చైను, ఫ్రీవీలు, రిమ్ము, స్పోకు, ట్యూబు, వాల్వు, బ్రేకు, హేండిలు, క్యారియరు, స్టాండు, డైనమో. ఈ మాటలన్నియు వానివి. వాని నోట పంక్చరు “పంచరు” అయిన మాట నిజమే. కాని పట్టికను వల్లించిన విద్యార్థికంటె వానికే అర్థము దిట్టముగా తెలియును. “ఫ్రీవీలు” అనగానేమో వాని వ్రేళ్ళకు తెలియును.

ఈ మాటల వంశమును విచారించినచో పండితులకు సయితము ఆనందము కలుగును. సైకిలు అను మాటకు మూలమైన గ్రీకు పదమును, మన చక్రమును ఒకే ప్రాచీన మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. పెడలు లాటినులో పాదమునకు పేరైన మాటనుండి వచ్చినది; మన పాదము దానికి తోబుట్టువు. సంస్కృత, గ్రీకు, లాటిను భాషల చుట్టఱికమును విలియం జోన్సు 1786లో చాటిన సంగతి ప్రసిద్ధము. ఆ చుట్టఱికము మన సైకిలుకొట్టు గుమ్మమున వ్రేలాడుచున్నది. పంక్చరు మాటయు అట్టిదే. మొనతో పొడుచుట అను అర్థముగల లాటిను మూలమునుండి అది వచ్చినది. వేళ తప్పని వానిని చెప్పు “పంక్చువల్”, వాక్యమున చుక్కలు గీతలు పెట్టుటను చెప్పు “పంక్చుయేషన్” దాని కుటుంబములోనివే. ఒక్క పంచరు తెలిసినవానికి రెండు పెద్ద మాటలు దొరకినవి.

సైకిలునకు వ్యాఖ్యానము తోడగుటయు మా పల్లెలకు క్రొత్త కాదు. నా చిన్ననాట ఊరూరను ఒక వినోదము జరుగుచుండెడిది. ఒక సాహసికుడు బయలున గిరిగీసి, దినముల తరబడి సైకిలు దిగక త్రొక్కుచుండువాడు. స్నానము దానిమీదనే, భోజనము దానిమీదనే. ప్రక్కన మైకు ముందు కూర్చున్నవాడు అతని పనులనన్నిటిని వర్ణించుచుండువాడు. “నాన్‌స్టాప్”, “రికార్డు”, “బ్యాలెన్సు” అను మాటలు అనేకులకు ఆ మైకుద్వారమున చెవిని బడినవి. చేతులు వదలి త్రొక్కుచుండగా “బ్యాలెన్సు” అని వినినవానికి వేఱు తాత్పర్యము చెప్పవలెనా?

రేడియో వచ్చిన పిదప చెవిబడి మఱింత విస్తరించినది. బొంబాయిలో తల్యార్‌ఖాను 1934లో క్రికెట్టు ఆటను రేడియోలో వర్ణించుటతో మన దేశమున ఆటల వ్యాఖ్యానమునకు నాంది జరిగినది. మన విజయనగర రాజకుటుంబమునకు చెందిన విజ్జీ, 1936లో ఇంగ్లండునకు పోయిన జట్టునకు నాయకత్వము వహించి, తరువాత వ్యాఖ్యాతగా మైకు ముందునకు వచ్చెను. ట్రాన్సిస్టరును చెవికానించి కూర్చున్న మా తరమువారు ఎందఱో ఇంగ్లీషు వాక్యపు నడకను ఆ వ్యాఖ్యానములనుండియే పట్టిరి. అయితే రేడియోలో మాట యున్నది కాని దృశ్యము లేదు. ఆవును తెమ్మన్నది వినబడును, ఆవు కనబడదు. నేడు తెరమీద ఆ లోటు తీరినది.

ఇప్పుడు పందెమునకు వత్తము. ఫ్రాన్సు దేశమున “లోటో” అను పత్రికను నడపిన దెగ్రాంజు 1903లో టూర్ ద ఫ్రాన్సు పందెమును ఆరంభించెను. తొలియేట ఆఱు విభాగములు, 2428 కిలోమీటర్లు. అఱువదిమంది బయలుదేరగా ఇరువదియొక్కరు గమ్యము చేరిరి, గారెన్ గెలిచెను. నేడు సాధారణముగా ఇరువదియొక్క విభాగములు, మూడువేల కిలోమీటర్లకు పైబడిన దూరము. విభాగమును ఇంగ్లీషున స్టేజి అందురు. దీనికి మనకు చక్కని మాట కలదు: మజిలీ. కాశీమజిలీ కథలను మనకిచ్చిన మధిర సుబ్బన్న దీక్షితులుగారు రాజమహేంద్రవరమువారే. ప్రతిదినమును ఒక మజిలీ, ప్రతి మజిలీకి ఒక కథ. టూరును అట్లు చెప్పినచో మా పిల్లలకు వెంటనే బోధపడినది.

పందెము జూలైలో జరుగును. ఫ్రాన్సున సాయంకాలము అయిదు గంటలైనప్పుడు మనకు రాత్రి ఎనిమిదిన్నర. ఊడ్పుల దినములలో, భోజనమునకు ముందో తరువాతనో, తెర చూచుటకు అనువైన వేళ. పందెము అయిదేసి గంటలు సాగును. అందు మెఱుపువలె జరుగునది స్వల్పము, నింపాదిగా జరుగునది ఎక్కువ. కావుననే వ్యాఖ్యాత ఒకే సంగతిని పలువిధముల చెప్పవలసి వచ్చును. ఫిల్ లిగెట్, పాల్ షెర్వెన్ అను జంట 1986 మొదలు 2018లో షెర్వెన్ మరణించువరకు ఈ పని చేసి లోకప్రసిద్ధులైరి. ఒకడు విడిపోవును, వ్యాఖ్యాత “అటాక్” అనును. వెనుకవారు తఱుముదురు, “చేజ్” అనును. నడుమ దూరము పెరుగును; “గ్యాప్” అనును. ఇదే మాట పదిమార్లు, వేఱువేఱు మనుష్యులతో, వేఱువేఱు త్రోవలలో. ఆవును తెమ్ము, ఆవును కట్టుము, గుఱ్ఱమును తెమ్ము. మన శాస్త్రకారులు చెప్పిన ఆవాపోద్వాపములు ఇవియే కదా.

ఆ మాటలలో కొన్ని మనకు దగ్గఱివి. గుంపుగా పోవు సైకిలువారిని పెలొటాన్ అందురు. అది ఫ్రెంచి మాట; చిన్న ఉండ అని మూలార్థము. ఇంగ్లీషు సైన్యములోని ప్లటూను దీనినుండియే పుట్టినది. మన పటాలము మాటకు బెటాలియను మూలమని చెప్పుచు, ప్లటూను, పెలొటానుల కలగలుపు కూడ నుండవచ్చునని యూల్, బర్నెల్ దొరలు 1886లో తమ హాబ్సన్-జాబ్సన్ కోశమున సూచించిరి. ఆ ఊహయే నిజమైనచో ఆల్ప్సు కొండలెక్కు ఆ గుంపు పేరును, మన జేజమ్మలు చెప్పు కథలలోని పటాలము పేరును చుట్టములగును.

ప్రక్కగాలి కొట్టునప్పుడు పందెగాండ్రు ఒకరి వెనుక ఒకరు గాక, త్రోవకు ఏటవాలుగా మెట్లవలె నిలుతురు. దీనికి ఎషెలన్ అని పేరు. నిచ్చెనమెట్టు అని మూలార్థము. కాలువగట్టుమీద పడమటిగాలికి ఎదురు సైకిలు త్రొక్కినవానికి దీని కారణము చెప్పనక్కఱలేదు. ముందువాని చాటున శ్రమ తగ్గును. నాయకునికి నీరు, ఆహారము తెచ్చియిచ్చుచు తన గెలుపును త్యజించువానిని డొమెస్టిక్ అందురు, అనగా సేవకుడు. దెగ్రాంజు 1911లో ఒకనిని నిందించుటకు వాడిన ఆ మాట నేడు గౌరవవాచకమైనది. మాటల అదృష్టము ఇట్లు తిరుగుచుండును. అందఱికంటె కడపట నిలిచినవానికి ఎఱ్ఱదీపమని పేరు. రైలుబండి చివరిపెట్టెకు వ్రేలాడు దీపమునుబట్టి వచ్చినది. గొలుసును ఒక పండ్లచక్రమునుండి మఱొక దానికి మార్చు పరికరము డెరెయిలరు. పట్టాతప్పించునది అని అర్థము. దానిని పందెమున 1937లోగాని అంగీకరింపలేదు. వెనుకనున్నవాడు ముందరి జట్టును ఒంటరిగా కలిసికొనుటను “బ్రిడ్జి” చేయుట అందురు. 1900లో గోదావరిమీద రైలువంతెన వెలసిన ఊరివారమగు మాకు ఈ క్రియాపదము మఱపునకు వచ్చునా?

ఉద్యోగవిరమణానంతరము కొందఱు పిల్లలను మా అరుగుమీద కూర్చుండబెట్టి ఈ విధమున పాఠము సాగించుచున్నాను. నియమములు మూడు. మొదటిదినము వ్రాతపని లేదు. చూచుట, వినుట మాత్రమే. రెండవదినము ప్రతివాడును తాను పట్టిన మూడు మాటలను, అవి వినబడినప్పుడు తెరమీద జరిగిన పనితో సహా చెప్పవలెను. మూడవదినము ఆ మాటలతో తన యింటి సంగతిని వాక్యముగా కూర్పవలెను; పడవను, పొలమును, బస్సును గూర్చి. కోశము తెఱచుట అటుపిమ్మటనే.

వారిలో ఒక పిల్లవాడు సైకిలు మరమ్మతు చేయువాని కుమారుడు. బడిలో ఇంగ్లీషు రానివాడని పేరుపడి, పెదవి విప్పుట మానివేసినవాడు. ఒకనాడు పందెగాడు కొండ దిగుచు కాళ్ళాడింపక పోవుచుండగా వ్యాఖ్యాత “ఫ్రీవీలింగ్” అనెను. తక్కిన పిల్లలు నా మొగము చూచిరి. ఈ పిల్లవాడు మాత్రము “మాస్టారండీ, చక్రము తిరుగుతుంటది, పెడలు తిరగదండీ. మా నాన్న రోజూ అదే బిగిస్తాడండీ” అనెను. అందఱును వానివైపు తిరిగిరి. తన తండ్రి పలుకు మాటలు ఇంగ్లీషేయని ఆ దినమున వానికి తెలిసినది. అటుపిమ్మట వాడు మాటాడుచున్నాడు, తప్పులతోనే మాటాడుచున్నాడు, కాని మాటాడుచున్నాడు. మార్కులు కలిగియు, ఎదుటివాడు ఇంగ్లీషున ఒక్క ప్రశ్న వేయగా బిగుసుకొనిపోవు యువకులను పలువురిని చూచితిని. వారికి లోపించినది జ్ఞానము కాదు, వినికిడి. దానితోపాటు ధైర్యము.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. వ్యాఖ్యానము వర్ణక్రమము నేర్పదు. వ్యాకరణమును క్రమముగా చెప్పదు. అందలి మాటలు కొన్ని ఫ్రెంచివి, కొన్ని ఆ పందెమునకే చెల్లునవి. వేగము మొదట బెదరించును. కావున ఇది బడికి ప్రత్యామ్నాయము కాదు. బడిలో పోసిన విత్తునకు పాఱు నీరు. వ్యాకరణమును కోశమును శక్తిగ్రహసాధనములలో మన పెద్దలు విడువలేదు. వానిని వ్యవహారముతో జతపఱచిరి.

నూటడెబ్బదియేండ్ల క్రిందట లాకు గేటు దగ్గఱ నిలిచిన పడవవాడును, కొట్టులో ట్యూబునకు అతుకువేయు కుఱ్ఱవాడును, మైకు ముందు గుమిగూడిన పల్లెజనులును మనకు చూపిన త్రోవ ఒక్కటియే: మాటను పనితో పాటు వినుట. ఆ త్రోవ చదువుకొన్నవారి కంట తక్కువదిగా కనబడినది. అందువలన మన పిల్లలు తమ యింటనే యున్న ఇంగ్లీషును ఇంగ్లీషుగా ఎఱుగక, చేతగానివారమని క్రుంగుచున్నారు. ఉపాధ్యాయులు పాఠము మొదలిడుటకు ముందు, “మీ యింట, మీ పొలమున, మీ నాన్న పనిలో వినబడు ఇంగ్లీషు మాటలు చెప్పుడు” అని పిల్లలను అడుగుదురుగాక. నల్లబల్ల నిండుటకు ఎంతయో సేపు పట్టదు. ఆ నిండిన బల్లనుండి మొదలిడిన పాఠము ఏ జూలై పందెముకైనను, ఏ పెద్ద పుస్తకముకైనను పిల్లవానిని చేర్చగలదు.